అభ్యంతరాలు ఉన్నచో...

"ఇందుమూలంగా యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా" అని ఎవరైనా మొదలుపెడితే మనకు నవ్వొస్తుంది. పాత సినిమాల్లో డప్పు మోగించుకుంటూ వచ్చే హాస్యనటుడు గుర్తొస్తాడు. మీమ్ పేజీలవాళ్ళు ఆ ముక్కని ఇప్పటికీ వదల్లేదు. కాసేపు నవ్వు ఆపుకుని ఆ వాక్యాన్ని విడదీసి చూడండి. వినాల్సినవాళ్ళు యావన్మందీ అందులో ఉన్నారు. చెబుతున్నవాళ్ళు మాత్రం లేరు. ఎవరు, ఎప్పుడు, ఏ గదిలో కూర్చుని నిర్ణయించారో తెలియదు. నిర్ణయం మాత్రం మన గుమ్మం ముందు నిలబడి ఉంది.

మన పట్టణాలు మనతో మాట్లాడే భాష నూటయాభై ఏళ్ళుగా ఇదే. డప్పు పోయి నోటీసు బోర్డు వచ్చింది, దాని వెనక జిల్లా పేపరు, ఆ వెనక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు. "రేపు ఉదయం 6 గంటల నుంచి ఈ క్రింది ప్రాంతాలలో మంచినీటి సరఫరా నిలిపివేయబడును." నిలిపేది ఎవరంటే జవాబుండదు. కర్త లేని వాక్యం మీద ప్రభుత్వాలకున్నంత ప్రేమ మన కవులకి కూడా లేదు.

అయితే పురపాలక ప్రకటనకి ఇంకో సగం కూడా ఉంటుంది. దాన్ని ఎవరూ మీమ్ చెయ్యరు, ఎందుకంటే ఎవరూ అంతదాకా చదవరు. కొత్త పన్నో, రోడ్డు వెడల్పో, వార్డుల విభజనో, ఏ ముసాయిదా ప్రకటన తీసుకున్నా అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది: అభ్యంతరాలు ఉన్నచో ఇన్ని రోజులలోగా లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. ఈ వ్యాసం ఆ ఆఖరి లైను గురించి. ఆ లైను ఎక్కడిది, దాన్ని మనవాళ్ళు ఎప్పుడైనా నిజంగా వాడుకున్నారా, వాడుకుంటే ఏమైంది?

తెలుగు నేల మీద మునిసిపాలిటీల కథ భీమిలితో మొదలుపెట్టడం ఆనవాయితీ. భీమునిపట్నం 1861లోనే పురపాలక సంఘమైంది. 1865లో మద్రాసు ప్రభుత్వం పట్టణాల అభివృద్ధికని ఒక చట్టం తెచ్చాక ఒక్కో ఊరూ ఆ దారి పట్టింది. అప్పట్లో సంఘం అంటే ప్రభుత్వం నియమించిన కొందరు పెద్దమనుషులు, పైన కలెక్టరు. 1882 మేలో రిప్పన్ దొర తీర్మానంతో ఎన్నికల మాట వచ్చింది, 1884 మద్రాసు చట్టం దానికి ఒక రూపమిచ్చింది. ఓటు ఎవరికి? పన్ను కట్టేవాళ్ళకి. ఆ పన్ను కూడా ఒక స్థాయి దాటి ఉండాలి. ఊళ్ళో ఇల్లున్న షావుకారు ఓటరు, ఆయన వాకిలి ఊడ్చే మనిషి కాదు. కాలువ ఎవరి వీధిలోంచి పోవాలో తేల్చే సభకి, ఆ కాలువలో చెయ్యిపెట్టేవాళ్ళకి మధ్య దూరం అక్కడే మొదలైంది.

ఇక 1920 మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం. మొదటిసారి పన్ను వేసేముందు గానీ, ఉన్న పన్ను పెంచేముందు గానీ కౌన్సిలు తన ఉద్దేశాన్ని ప్రకటించాలి. నెలకు తగ్గకుండా గడువివ్వాలి. వచ్చిన అభ్యంతరాలను పరిశీలించాలి. ఒక ఊరిని కొత్తగా మునిసిపాలిటీ చెయ్యాలన్నా అంతే, అక్కడ నివసించే ఎవరైనా ఆరు వారాల్లోపు అభ్యంతరం రాసి పంపొచ్చు. రాతలో చూస్తే ముచ్చటైన ఏర్పాటు. 1965లో ఆంధ్రప్రదేశ్ తన సొంత మునిసిపల్ చట్టం రాసుకున్నప్పుడు కూడా ఈ పద్ధతిని వదులుకోలేదు.

రాసి పంపొచ్చు, సరే. రాయడం ఎంతమందికి వచ్చు? 1921 జనాభా లెక్కల నాటికి మద్రాసు రాష్ట్రంలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు నూటికి పదిమంది, అటూ ఇటూగా. కబురు చెవులకు చేరేది, జవాబు మాత్రం కాగితం మీద కావాలి. చెప్పడానికి ఒక సాధనం, వినడానికి ఇంకో సాధనం. ఈ తేడాని ఎవరైనా కావాలని పెట్టారా అంటే నేను అలా అనుకోను. ఆఫీసు అన్నది కాగితం మీదే వినగలదు, దాని స్వభావం అంత.

కాగితం లోపలికి పోవడానికి కావాలి, బయటికి రావడానికి మాత్రం మనిషి కావాలి. ఆ మనిషి సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి.

చాటింపు, టముకు, దండోరా: ప్రాంతాన్ని బట్టి పేరు మారుతుంది. కొట్టే కులం మాత్రం పెద్దగా మారదు. గ్రామ సేవకుల్లో వెట్టిగా ఉన్న మాల, మాదిగ మనుషులే ఎక్కువచోట్ల ఈ పని చేశారు. శిస్తు గడువు, సంత మార్పు, కలరా వచ్చింది చెరువు నీళ్ళు కాచి తాగమన్న హెచ్చరిక, ఫలానావారి భూమి వేలం. ఇవన్నీ ఊరందరికంటే ముందు తెలిసేది అతనికే. వీధి చివర నిలబడి చెప్పేవాడు, ఇంటి గడప ఎక్కే హక్కు లేదు. అందరికీ పన్ను సంగతి చెబుతాడు, ఆ పన్నుతో వచ్చే ఓటు అతనికి ఉండదు. ఊరి వార్తలన్నీ మోసిన మనిషి గురించి ఊరు ఒక్క వార్తా రాసుకోలేదు.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైనప్పుడు ఆ పేరు ఎంచుకోవడంలో ఉన్న పదును ఇక్కడినుంచి చూస్తే బాగా అర్థమవుతుంది. తరాలపాటు ఇతరుల కబుర్లు చాటిన డప్పుతో మొదటిసారి తమ కబురు చాటారు. ఆ దండోరాలో "యావన్మంది" ఎవరో, చెప్పేది ఎవరో, రెండూ స్పష్టంగా ఉన్నాయి.

డప్పుని మన చట్టాలు కూడా పూర్తిగా వదిలిపెట్టలేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో, స్థిరాస్తి జప్తు ఉత్తర్వుని ఆ ఆస్తి దగ్గర డప్పు కొట్టి గానీ, అక్కడి ఆచారాన్ని బట్టి ఇంకోవిధంగా గానీ చాటాలని ఉంది. ఆ మాట నేటికీ అమల్లో ఉంది. మొండి బకాయిదారుల ఇళ్ళముందు డప్పు కొట్టించిన పట్టణాల వార్తలు మార్చి నెల వస్తే ఇప్పటికీ కనిపిస్తాయి. ఆఫీసుకి డబ్బు రావాల్సినప్పుడు డప్పుకి ఉన్న విలువ ఏ యాప్‌కీ లేదు.

ఈదుముడికి ఎంతో దూరం కాని చీరాలలో, దానికి డెబ్బై ఏళ్ళకు పైగా ముందు, ఒక ఊరు మొత్తం ఆ ఆఖరి లైనుకి జవాబిచ్చింది.

చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి ఒక యూనియన్‌గా ఉండేవి. అప్పట్లో గుంటూరు జిల్లా, బాపట్ల తాలూకా. సముద్రం పక్క ఇసుక నేల, ఇంటింటా మగ్గం. యూనియన్‌కి జనం కట్టే పన్ను ఏడాదికి 4,000 రూపాయల దాకా. 1919-20 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం దీన్ని మునిసిపాలిటీ చేసింది. పన్ను భారం 40,000కి చేరుతుందన్నది ఊరివాళ్ళ లెక్క. మన స్కూలు పుస్తకాల్లో చీరాల-పేరాల ఉద్యమం అంటే సహాయ నిరాకరణలో ఒక చిన్న పేరా, పక్కన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య బొమ్మ, ఆంధ్రరత్న అన్న బిరుదు. స్వాతంత్ర్య పోరాటం కింద చదువుకుంటాం కాబట్టి అసలు గొడవ దేనిమీదో మరిచిపోతాం. గొడవ మునిసిపాలిటీ మీద. ఇంటి పన్ను మీద. ఇవాళ మన కాలనీ సంఘం సమావేశాల్లో జరిగే గొడవే.

ప్రభుత్వం వైపు నుంచి కూడా చూడాలి. 1918 ఇన్‌ఫ్లుయెంజా దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసుకుని అప్పటికి ఏడాదే అయింది. కలరా ఏటా వచ్చిపోయే చుట్టం. జనం కిక్కిరిసిన నేత ఊళ్ళకి కాలువలు, దీపాలు, మందులు కావాలి, వాటికి డబ్బు కావాలి. మునిసిపాలిటీ అనగానే దోపిడీ అనుకోనక్కర్లేదు. అయితే నూలు ధర పెరిగితే పస్తుండే నేతగాడిని, నీ ఆరోగ్యం కోసమే పదింతలు కట్టమంటే వాడు మొదట అడిగే ప్రశ్న ఒకటే: నన్నెవరు అడిగారు?

అడిగారనే చెప్పాలి, కాగితం మీద. జనం కూడా కాగితం మీదే మొదలుపెట్టారు. అర్జీలు పెట్టుకున్నారు. ప్రభుత్వం కదల్లేదు. 1921 తొలినాళ్ళలో కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతం మీద ఒక ఛైర్మన్‌ని పెట్టి మునిసిపాలిటీని నడిపించింది. స్థానిక స్వపరిపాలన అన్న మాటకి ఇంతకంటే వింత అర్థం ఇంకోటి దొరకదు: స్థానికులు లేరు, స్వ లేదు, పరిపాలన మాత్రం ఉంది. పైగా అప్పుడే ద్వంద్వ ప్రభుత్వం వచ్చి, రాష్ట్రాల్లో స్థానిక పాలన శాఖ భారతీయ మంత్రుల చేతికొచ్చింది. మద్రాసులో ఆ శాఖ చూసింది జస్టిస్ పార్టీ నాయకుడు పానగల్ రాజా రామరాయణింగారు, కాళహస్తికి చెందిన తెలుగువాడు. పన్ను వద్దన్నది తెలుగువాళ్ళు, ఉండాలన్నదీ తెలుగు మంత్రే. తెల్లవాడు ఒకవైపు, మనం ఒకవైపు అని గీసే బొమ్మలో ఈ కథ సరిగా ఇమడదు. పుస్తకాల్లో పేరా చిన్నదవడానికి ఇదీ ఒక కారణమేమో.

పన్ను కట్టనివాళ్ళని జైలుకి పంపారు. వాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది.

గోపాలకృష్ణయ్య ఎడింబరోలో ఎం.ఏ. చదివి, ఆనంద కుమారస్వామితో కలిసి పనిచేసి వచ్చినవాడు. నోరు తెరిస్తే చాటువు. ఇంగ్లీషు చదువు వంటబట్టినా, జనానికి మాట చేరాలంటే జనం వినే రూపాల్లోనే చేరాలని నమ్మి జానపద కళల వెంట తిరిగాడు. ఆయన కూడగట్టిన రామదండు కాషాయం కట్టి, బొట్టు పెట్టి, పాడుకుంటూ కవాతు చేసేది. దాన్ని వలంటీర్ల దళం అని రాస్తారు. నాకు మాత్రం అది ప్రభుత్వ టముకుకి పోటీగా జనం పెట్టుకున్న టముకులా కనిపిస్తుంది. మునిసిపాలిటీ కబురు ఒక గొంతుతో వస్తే, దానికి జవాబు కొన్ని వందల గొంతులతో వీధుల్లో తిరిగింది. అర్జీ రాయడం రానివాడు కూడా పాటలో గొంతు కలపగలడు కదా.

1921 మార్చి ఆఖర్లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. వాటి తర్వాత ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చెప్పారు. శాంతంగా పన్ను నిరాకరించి, వచ్చే కష్టం పడటం ఒకటి. ఊరే వదిలి, మునిసిపల్ హద్దు దాటి పోవడం రెండోది. కాంగ్రెస్ నుంచి డబ్బు సాయం ఆశించొద్దని కూడా చెప్పారు. చీరాల రెండో దారి పట్టింది.

ఇక్కడ అంకెలు చెప్పాలి. 15,326 మంది జనాభాలో 13,572 మంది ఊరు విడిచారు. నూటికి ఎనభై ఎనిమిది మంది. మండు వేసవిలో హద్దు అవతల ఇసుకలో తాటాకు పాకలు, పందిళ్ళు వేసుకుని రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. పదకొండు నెలలు అక్కడే. సొంతంగా పంచాయతీ పెట్టుకుని తగువులు తీర్చుకున్నారు. మునిసిపాలిటీ వద్దని వెళ్ళినవాళ్ళు వెళ్ళగానే చేసిన పని ఇంకో స్థానిక పాలన పెట్టుకోవడం. పాలన అంటే వాళ్ళకి విరోధం లేదన్నమాట.

ఆ ఖాళీ ఊరిని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. వీధి దీపాలు ఎవరికోసం వెలిగించాలి? పన్ను నోటీసు ఏ తలుపుకి అంటించాలి? వీధి మొగలో నిలబడి "యావన్మంది ప్రజలకు" అని మొదలుపెడితే వినడానికి ఒక కుక్కో, కదల్లేని ముసలివాళ్ళో. అధికారానికి అంతకంటే ఇబ్బందికరమైన జవాబు ఉండదు. తిట్టినవాడిని పట్టుకోవచ్చు, వినేవాడే లేకపోతే ఏం చేస్తారు?

అయితే దీన్ని మరీ అందంగా చెప్పుకోవడం కూడా తప్పే. మగ్గం గుంట తవ్వి, కప్పు కింద ఎండ తగలకుండా సాగే పని నేత. దాన్ని పాకలోకి మార్చడమంటే మామూలు సంగతి కాదు. ఎండ పోయి వాన, వాన పోయి తుపాను రోజులు. పసిపిల్లలు, బాలింతలు. ఊరు వదలడం అందరికీ ఒకేలా ఉండదు. నాలుగు బస్తాల బియ్యం వెంట తెచ్చుకున్నవాడికి అది పట్టుదల, ఏ రోజు నేసింది ఆ రోజు తినేవాడికి అది పస్తు. డబ్బు కోసం గోపాలకృష్ణయ్య ఊళ్ళు తిరిగాడు. బరంపురంలో మాట్లాడకూడదన్న ఉత్తర్వుని కాదని మాట్లాడినందుకు అరెస్టయ్యాడు. ఏడాది శిక్ష, తిరుచిరాపల్లి జైలు. ఆయన లేకపోయాక పట్టు సడలింది. 1922 మొదట్లో జనం మెల్లగా ఇళ్ళకు తిరిగొచ్చారు. మునిసిపాలిటీ రద్దయిందని కాదు, ఓపికా డబ్బూ అయిపోయాయి. గోపాలకృష్ణయ్య ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు. 1928 జూన్‌లో పోయేనాటికి ఆయనకు 39 ఏళ్ళు.

ఓడిపోయారా అంటే ఓడిపోయారు. కానీ ఆ ఓటమి దేశమంతా తెలిసింది. కృష్ణాపత్రిక, మద్రాసు నుంచి వచ్చే ఆంధ్రపత్రిక నడుస్తున్న రోజులవి. గాంధీ యంగ్ ఇండియాలో కూడా చీరాల పేరు వచ్చింది. ఒక చిన్న ఊరి ఇంటి పన్ను అహ్మదాబాదులో వార్త. ఈ సంగతి ఎందుకు పట్టించుకోవాలంటే, తర్వాత మన పత్రికలు బాగా పెరిగి, ప్రతి ఊరి వార్తా అచ్చయ్యే రోజులొచ్చాక, ఒక ఊరి వార్త ఇంకో ఊరికి తెలియడం తగ్గింది.

అదెలాగంటే, 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. అంతకుముందు ఉత్తరాంధ్రకి పేపరు దూరం నుంచి, ఆలస్యంగా చేరేది. అందులో మన ఊరు కనబడటమే అరుదు. సొంత ఊళ్ళో అచ్చయి తెల్లారేసరికి వాకిట్లో పడే పేపరు ఆ కరువు తీర్చింది. 1989లో ఆ పత్రిక జిల్లాకొక టాబ్లాయిడ్ పెట్టింది, మిగతావాళ్ళు అదే బాట పట్టారు. మండలానికొక కంట్రిబ్యూటరు. రాసినదాంట్లో అచ్చయినదాన్ని కొలిచి ఇచ్చే డబ్బులు అతని ఆదాయం. జీతం లేని ఆ విలేకరుల పుణ్యమా అని మన వీధి పేరు మొదటిసారి అచ్చులో చూసుకున్నాం. పాత వెట్టి మనిషిలాగే వాళ్ళ పేరు కూడా చాలాసార్లు వార్త మీద ఉండేది కాదు, "న్యూస్‌టుడే" అనో ఇంకోటనో ఉండేది. ఈ పోలికని మరీ లాగకూడదు గానీ, గుర్తు రాకుండా ఉండదు.

జిల్లా పేజీలు ఒక భాషని తయారుచేశాయి. "అధ్వానంగా రహదారులు", "పట్టించుకోని అధికారులు", "పొంచి ఉన్న ప్రమాదం", రెండ్రోజుల తర్వాత "స్పందించిన అధికారులు". గుంట ఫోటో పడితే గుంట పూడేది. నిజంగానే పూడేది, దాన్ని తక్కువ చెయ్యను. మా తరం వాళ్ళు చాలామంది పౌరశాస్త్రం అక్కడే నేర్చుకున్నారు. కానీ గుంటకి ఫోటో ఉంటుంది, బడ్జెట్‌కి ఉండదు. కౌన్సిల్ సమావేశంలో ఎవరు మైకు విరగ్గొట్టారో వచ్చేది, ఏ అంశం ఎంత ఖర్చుకి ఆమోదం పొందిందో వచ్చేది కాదు. అభ్యంతరాలు కోరే ప్రకటన టెండర్ల పక్కన డబ్బిచ్చి వేసే యాడ్‌గా వచ్చేది. దాన్ని వార్తగా తిరగరాసి, "ఈ నెలాఖరులోగా మీరు అడగొచ్చు" అని చెప్పినవాళ్ళు బహు తక్కువ. పైగా జిల్లా పేజీ జిల్లా గట్టు దాటదు. నెల్లూరు పన్ను గొడవ ఒంగోలుకి తెలియదు. చీరాల జనం ఇసుకలోకి వెళ్ళింది 1990ల్లో అయితే, ప్రకాశం టాబ్లాయిడ్‌లో వారం రోజులు మొదటి పేజీలో ఉండి, పక్క జిల్లాలో ఆరు లైన్లయ్యేది.

చట్టం మళ్ళీ ఒకసారి వినే ప్రయత్నం చేసింది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. తెలంగాణ 2019 మునిసిపల్ చట్టం ఇంకా ముందుకెళ్ళి, హైదరాబాద్ కార్పొరేషన్ బయటి పట్టణాల్లో ప్రతి వార్డుకీ నాలుగు కమిటీలు పెట్టమంది: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు, ఒక్కోదాంట్లో 15 మంది. అంటే వార్డుకి 60 మంది. మీ వార్డులో ఆ అరవైమందిలో ఒక్కరి పేరు చెప్పగలరా? ఆంధ్రాలో అదే ఏడాది వార్డు సచివాలయాలు, వలంటీర్లు వచ్చారు. దాదాపు యాభై ఇళ్ళకొక మనిషి, ఒక ఫోను, ఒక వాట్సాప్ గ్రూపు. పథకాల కబురు అంత వేగంగా గడపకి చేరిన కాలం ఇంకోటి లేదు. గడప నుంచి తిరిగి వెళ్ళడానికి ఉన్న దారి మాత్రం ఫిర్యాదు. ఫిర్యాదు వేరు, అభ్యంతరం వేరు. ఫిర్యాదు జరిగినదాని మీద, అభ్యంతరం జరగబోయేదాని మీద. మన యాప్‌లన్నీ మొదటిదాన్ని బ్రహ్మాండంగా తీసుకుంటాయి, టోకెన్ నంబరు కూడా ఇస్తాయి.

హైదరాబాద్ సంగతి వేరే. అక్కడ కబురు చాలాకాలం ఉర్దూ జరీదాలో, అంటే ప్రభుత్వ గెజెట్‌లో వచ్చేది. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద నగరాన్ని ముంచాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది. ఇరుకు బస్తీలు కూల్చి వెడల్పు రోడ్లు వేసింది, కొత్త ఇళ్ళు కట్టింది. నగరం ఆ పనికి ఇవాళ్టికీ రుణపడి ఉంది. ఎవరి ఇళ్ళు కూలాయో వాళ్ళ మాట మాత్రం చరిత్రలో వెతుక్కోవాలి. 2024 సెప్టెంబర్లో అదే మూసీ ఒడ్డున, చాదర్‌ఘాట్ వైపు బస్తీల్లో, సర్వే బృందాలు ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో మార్కు వేశాయి. ఆర్‌బి-ఎక్స్ అని. నది గర్భంలో ఉన్న ఇల్లు అని దానర్థం. "ఇందుమూలంగా" లేదు, "యావన్మంది" లేదు, "అభ్యంతరాలు ఉన్నచో" అసలే లేదు. మూడు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ఒక గీత. మన పురపాలక వచనంలో ఇంత పొదుపైన వాక్యం నేను ఇంకోటి చూడలేదు. గోడ మీది అక్షరాలకి అర్థమేమిటో పక్కింటివాళ్ళని అడిగి తెలుసుకున్నారు జనం.

చీరాల వలసకి సరిగ్గా వందేళ్ళయిన 2021లో, ఆంధ్రప్రదేశ్ పట్టణాలన్నిటా ఇంటి పన్ను లెక్క మారింది. అంతకుముందు ఇల్లు అద్దెకిస్తే ఎంతొస్తుందన్న అంచనా మీద పన్ను. ఇకమీదట ఆస్తి మూలధన విలువ మీద. 2020 చివర్లో చట్టం సవరించారు, 2021 వేసవిలో మునిసిపాలిటీలు ముసాయిదాలు ప్రకటించి, చట్టం చెప్పినట్టే అభ్యంతరాలకు నెల గడువిచ్చాయి. కోవిడ్ రెండో వేవ్ ఇంకా పూర్తిగా సద్దుమణగని రోజులు. విశాఖలో, విజయవాడలో పన్ను చెల్లింపుదారుల సంఘాలు జనాన్ని కదిలించాయి. అభ్యంతరాలు వెళ్ళాయి. ఏడాదికి పెంపు 15 శాతం దాటదని ప్రభుత్వం చెప్పింది. కొత్త పద్ధతి అమల్లోకి వచ్చింది. వందేళ్ళ నాటి చీరాల గురించి ఆ రోజుల్లో ఎవరైనా గట్టిగా మాట్లాడతారేమోనని చూశాను. పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

ఆ మరుసటి ఏడాది జనవరిలో కొత్త జిల్లాల ముసాయిదా వచ్చింది. 1970లో గుంటూరు నుంచి విడిపోయి కొత్త జిల్లాలోకి వెళ్ళిన చీరాల, 2022 ఏప్రిల్ 4న అక్కడినుంచి కూడా వచ్చేసి మళ్ళీ బాపట్ల కిందికి చేరింది, ఈసారి తాలూకా కాదు, జిల్లా. ఆ ముసాయిదా మీద అభ్యంతరాలకు ఇచ్చిన గడువు 30 రోజులు.